కాలర్ మీద మరక

పొద్దున్నే నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని భర్త చొక్కా కాలర్ రుద్దుతూ ఆమె తనలో తాను నవ్వుకుంది. కాలర్ మల్లెపువ్వులా ఉంది. చలికాలం నుంచీ దాని మీద నారింజ రంగు మరకే. టీబీ మందు వేసుకున్నంత కాలం చెమటా, కన్నీళ్ళూ ఆ రంగులోనే వస్తాయి, కంగారు పడకండని నర్సు ముందే చెప్పింది. కొన్ని వారాలుగా ఆ మరక లేదు. రోగం తోక ముడిచిందనుకుని ఆ ఇల్లాలు మురిసిపోయింది.

భర్త దర్జీ. ముందుగదిలో ఆయన కుట్టుమిషను, మిషను కింద నాలుగేళ్ళ మనవరాలి కాపురం. రాలిన గుడ్డముక్కలన్నీ ఏరి బొమ్మకు గౌన్లు చుడుతుంది. మనిషి జానెడు, మాటలు మూరెడు కాబట్టి అందరికీ అది బుడంకాయ. అల్లుణ్ణి ఆ మధ్య వచ్చిన మహమ్మారి ఎత్తుకుపోయాక కూతురు దీన్ని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. బస్సు డిపోలో టికెట్లమ్మే ఉద్యోగం, ఈ పిల్ల, అంతే ఆమె లోకం.

"తాత ఒకటి దగ్గితే నేను రెండు దగ్గుతా అమ్మమ్మా," అంది బుడంకాయ మిషను కిందనుంచి.

"దగ్గులో కూడా పందేలేమిటే నీ మొహం," అని అమ్మమ్మ కసిరింది. జలుబే అనుకుంది.

కూతురు మాత్రం అనుకోలేదు. ఆ రోజు సెలవు పెట్టి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం ఎక్స్‌రే కవరుతో తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా తండ్రి ఎదుట నిలబడింది.

"దీనికి టీబీ అంట నాన్నా. మీ నాన్న మందు సరిగ్గా వేసుకుంటున్నాడా అని అడిగింది డాక్టరు."

"వేసుకుంటున్నానే తల్లీ."

"నా మీద ఒట్టెయ్యి."

"కన్నకూతురి మీద ఒట్టేమిటే? నా మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" ఆయన మిషను మీదకి వంగాడు. మిషను మీదున్న తెల్ల యూనిఫాం గుడ్డ మీద రెండు కన్నీటి చుక్కలు పడ్డాయి.

ఆయన భార్య ఆ చుక్కలవంకే చూస్తూ ఉండిపోయింది. గుడ్డ తడిసింది, అంతే. పొద్దున తను చూసి మురిసిపోయిన కాలర్ గుర్తొచ్చింది.

"ఏవండీ," అంది. "మీ కన్నీళ్ళకి రంగు లేదండీ."

ఆయన తల దించుకున్నాడు. గుండీల డబ్బా ముందుకు జరిపాడు. పైన గుండీలు, అడుగున మాత్రలు.

"బడులు తెరిచే రోజులు కదా, వచ్చేదంతా తెల్ల గుడ్డే. చొక్కా మీద చెమట చుక్క పడితే బడివాళ్ళు తిప్పి పంపారు. మిషను తుప్పని సర్దిచెప్పాను. ఎన్నిసార్లని తుప్పంటాను? దగ్గు వింటేనే జనం దారి మార్చుకుంటున్నారు, టీబీ అంటే ఈ గడప ఎవరు తొక్కుతారు? ఒంట్లో బాగానే ఉందిగా, ఈ కుట్లు అయ్యాక మళ్ళీ మొదలెడదామనుకున్నా."

"చొక్కా మీద మరక పడకూడదనుకున్నావు. నా బిడ్డ ఊపిరితిత్తి మీద పడింది." కూతురు గొంతు పెంచలేదు. "నయమైనా ఆ మచ్చ ఉండిపోవచ్చట. దీని నాన్నని ఒక రోగానికి ఇచ్చేశాను. దీన్నీ ఇమ్మంటావా నాన్నా?"



"నన్నూ అనవే," అంది తల్లి. "కాలర్ తెల్లబడిందని సంబరపడ్డ గుడ్డిదాన్ని."

మర్నాడు ఆయన బడికి కబురు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పించాడు, మిగిలిన గుడ్డంతా తిరిగి పంపేశాడు. అనుకున్నంతా అయింది. ముందుగది తలుపు తట్టే మనిషి లేడు. మిషను మీద దుప్పటి పడింది. కూతురు పిల్లను తీసుకుని వెనకగదిలోకి మారిపోయింది. తండ్రితో మాటలు లేవు.

బుడంకాయ మాత్రం మందు మింగనంటే మింగనని మొండికేసింది. బుజ్జగించినా ఉమ్మేసింది, తిట్టినా ఉమ్మేసింది. ఒక పొద్దున తాత మూతికి గుడ్డ కట్టుకుని, పెరటి గుమ్మానికి ఎడంగా ఆరుబయట పీట వేసుకుని కూర్చున్నాడు.

"బుడంకాయా, పందెం. ముందు నేను."

అటు తిరిగి మాత్రలు మింగి, ఖాళీ అరచెయ్యి చూపించాడు. అది కళ్ళు గట్టిగా మూసుకుని తనవీ మింగేసింది. అప్పట్నుంచి రోజూ ఇదే పందెం. వారం తిరక్కుండానే ఒకనాడు చేదుకు ఏడ్చి, బొమ్మ గౌనుతో కళ్ళు తుడుచుకుంది. తెల్ల గౌను మీద నారింజ మరక.

"అమ్మా, చూడవే," అంది ఏడుపు మానేసి. "నాకూ తాత రంగే వచ్చింది."

బుడంకాయ తల్లి ఆ గుడ్డ చూసింది. తర్వాత తండ్రిని చూసింది. ఆయన భుజాలు కదిలిపోతున్నాయి. ఆమె లోపలికెళ్ళి తెల్ల గుడ్డముక్క తెచ్చి అందించింది. ఆయన తుడుచుకున్నాక దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకేసి పట్టి చూసింది. రంగు ఉంది.

"రేపూ ఇక్కడే కూర్చుని వేసుకో నాన్నా," అంది కళ్ళొత్తుకుంటూ. "నువ్వు ఎదురుగా ఉంటేనే అది మింగుతుంది."

ఆ రోజు నీళ్ళ తొట్టి దగ్గర అమ్మమ్మ చేతికి మళ్ళీ ఆ చొక్కా వచ్చింది. కాలర్ పొడుగునా మరక. దాన్ని రుద్దలేదు. నీళ్ళలో జాడించి, పిండి, పెరట్లో కాకుండా వీధి వైపు తీగ మీద ఆరేసింది.