మిట్ట మీద దీపాలు

ఉదయం ఏడు దాటింది. సోల్వే పొయ్యి దగ్గర నిలబడి ఓట్స్ జావ కలుపుతోంది. ఆమె తండ్రి ఆరిన్ బల్ల దగ్గర కూర్చుని, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తున్నాడు. నవంబరు మొదటి వారం. కోసేసిన మొక్కజొన్న మోళ్ల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది.

ఫోను మోగింది. తల్లి ఆర్డిస్. సోల్వే స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"మీ నాన్నకి ఒంట్లో బాగానే ఉందా?" అంది ఆర్డిస్. "మూడు రోజులైంది, కనపడటం లేదు. కిటికీ దగ్గర కూర్చుని కూర్చుని నా నడుం పట్టేసింది."

"నాకేం రోగం!" అన్నాడు ఆరిన్. "రోజూ వచ్చాను. నీ కూతురు పుణ్యమా అని దీపాలే వెలగడం లేదు."

"వెలగకపోతే నన్ను చూడటానికి వచ్చినట్టెలా అవుతుందయ్యా?"

ఆరిన్ కప్పు కింద పెట్టి, టోపీ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఏప్రిల్‌లో తుంటి విరిగినప్పటి నుంచి ఆర్డిస్ ఏటి అవతల వృద్ధాశ్రమంలో ఉంటోంది. చూపు మందగించి ఆరిన్ కారు లైసెన్సు పోయింది. ఆదివారం సోల్వే తీసుకెళ్తుంది. మిగతా ఆరు రోజులూ, చీకటి పడే వేళకి, ఆరిన్ తన పాత ఎర్ర ట్రాక్టరు మీద పొలం చివర మిట్ట ఎక్కేవాడు. అక్కడి నుంచి ఆమె గది కిటికీ అర మైలు. దీపాలు అటు తిప్పి పది నిమిషాలు ఉండేవాడు. ఆమె చూసేది. ఆ తర్వాత ఇద్దరూ ఎవరి గదిలో వాళ్లు పడుకునేవాళ్లు.

చలి ముదిరితే ఆ ఆరు వోల్టుల బ్యాటరీతో ఇంజను కదలదు. శీతాకాలమంతా అమ్మ ఖాళీ మిట్టని చూస్తూ కూర్చోకూడదని, ఈ సోమవారం సోల్వే ట్రాక్టరుని పన్నెండు వోల్టులకి మార్చింది. బ్యాటరీ, డైనమో, బల్బులు, అన్నీ కొత్తవే. ఇప్పుడు ఇంజను ఒక్క నొక్కుకే లేస్తోంది. దీపాలు మాత్రం ఆరిపోబోయే నిప్పుల్లా ఉన్నాయి.

ఆమె షెడ్డులోకి వెళ్లేసరికి ఆరిన్ పాత బ్యాటరీ మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"దీన్ని మళ్లీ పెట్టెయ్."

"ఇవాళ ఇంకోసారి చూస్తాను నాన్నా. స్విచ్చి బాగానే ఉంది. తీగలు నిన్న మార్చాను."

"మూడు రోజుల నుంచి చూస్తూనే ఉన్నావు. నలభై ఏళ్లు వెలిగిన దీపాలమ్మా అవి! పసుప్పచ్చగా వెలిగినా వెలిగేవి. బాగున్నదాన్ని మార్చకపోతే నీకు నిద్ర పట్టదు."

"బాగుందా? కిందటి జనవరిలో ఎన్నిసార్లు నెట్టాం దీన్ని? నువ్వు పైన కూర్చుని పాఠాలు చెప్పావు, నేను మంచులో నెట్టాను!"

"మీ అమ్మనీ అలాగే మార్చావు. ఇంట్లో ఉండాల్సిన మనిషిని."

సోల్వే చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"మెట్ల కింద నాలుగు గంటలు పడుంది నాన్నా అమ్మ. నువ్వు పొలంలో, నేను పనిలో. కుక్క అరుస్తుంటే ఎవరూ వినలేదు. మళ్లీ పడితే ఎవరు ఎత్తుతారు? నీ మోకాలా, నా సెలవులా? ఆశ్రమం కాగితాల మీద సంతకం పెట్టింది నేనే. రోజూ గుర్తుంటుంది నాకు. నువ్వు చెప్పక్కర్లేదు."

ఆరిన్ పనిబల్ల మీద చెయ్యి ఆనించి నేల చూస్తూ నిలబడ్డాడు.

సోల్వే ముఖం తుడుచుకుని మీటరు తీసింది. బ్యాటరీ దగ్గర పన్నెండు చూపించింది. దీపానికి వచ్చే తీగ దగ్గరా పన్నెండే. కరెంటు వస్తోంది. మరి తిరిగి వెళ్లాల్సిన దారి? అది ట్రాక్టరు ఇనుమే. ఒక విడి తీగ తీసుకుని, ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస దీపం డిప్ప లోపలి ఇనుముకి తాకించింది. దీపం భగ్గుమంది. షెడ్డు గోడంతా తెల్లగా వెలిగింది.

తీగ తీస్తే మళ్లీ మసక.

బోల్టు విప్పింది. దీపం ఆనే చోట ఇనుము కనిపించలేదు. ఎర్ర రంగు రెండు పూతలు, దళసరిగా, అంచుల దాకా.

సోమవారం ఆమె బల్బుల కోసం ఊళ్లోకి వెళ్లినప్పుడు దీపాలు విప్పి బల్ల మీద ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి రంగు వేసి ఉన్నాయి. చక్కగా ఉందనుకుని బిగించేసింది. రంగులోంచి కరెంటు పోదని తనకి తెలియనిదేం కాదు.

"ఏం కనపడింది?" అన్నాడు ఆరిన్ దగ్గరికి వచ్చి.

ఆమె బొటనవేలితో కప్పబోయింది. ఆయన కళ్లకి సరిగా ఆనకపోయినా వేలితో తడిమి తెలుసుకున్నాడు.

"నా కుంచె పనేనా?"

"బిగించింది నేను. చూసుకోవాల్సింది."

"మీ అమ్మ అడిగింది," అన్నాడు ఆరిన్. "ఇంకా ఎర్రగానే ఉందా, వెలిసిపోయిందా అని. చీకట్లో రంగు కనపడదని తెలుసు. అయినా వేశాను." పాత బ్యాటరీని పక్కకి నెట్టాడు. "నీ మీద అరిచాను చూడు... ఇల్లు ఖాళీగా ఉంటే ఎవరి మీద అరవాలో తెలియడం లేదమ్మా. సంతకం నువ్వు పెట్టావు గానీ, పెట్టాల్సింది నేను. నా వల్ల కాలేదు."

సోల్వే ఆయన భుజానికి తల ఆనించింది. కాసేపయ్యాక ఆయనే గరుకు కాగితం అందుకున్నాడు. "ఇలా ఇవ్వు. పూసినవాడే గీకాలి."

ఇద్దరూ చెరో దీపం దగ్గర ఇనుము మెరిసేదాకా గీకారు.

సాయంత్రం అయిదున్నరకి మిట్ట మీద దీపాలు వెలిగాయి. సోల్వే ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

"అమ్మా, కనపడుతోందా?"

"ఏదో వచ్చింది గానీ మనది కాదే. తెల్లగా, కళ్లలో పొడుస్తోంది. మనది పసుప్పచ్చగా ఉంటుంది కదా. ఎవరిదో లారీ అయ్యుంటుంది." ఆర్డిస్ గొంతు దిగిపోయింది. "ఆయన ఇవాళ కూడా రాలేదా?"

సోల్వే వెలుతురైతే తెచ్చింది, అమ్మ ఎదురుచూసిన వెలుతురు అది కాదు.

ఆరిన్ మెల్లిగా సీటు మీంచి దిగాడు. చక్రం పట్టుకుని, ముందుకి వచ్చి, దీపాలకి అడ్డంగా కుంటుతూ నడిచాడు. ఒకటి మరుగైంది, మళ్లీ కనిపించింది. కాసేపటికి రెండోది మరుగైంది.

ఫోనులో కుర్చీ కిర్రుమంది.

"కుడి కాలు ఈడుస్తున్నావేంటి?" అంది ఆర్డిస్. "మోకాలికి పట్టీ కట్టుకోలేదా, ముసలాడా?"

ఆరిన్ నవ్వబోయాడు, రాలేదు. ముఖం చేత్తో తుడుచుకుని, వెనక్కి తిరిగి, ఆ దీపాల ముందు నుంచి మళ్లీ నడిచాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా.