కంచరగాడిద లేచిందా

ఎనిమిదేళ్ళ మేనకోడలు గోడ దూకబోయి కాలు విరగ్గొట్టుకుంది. ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అంటారు. పిడుగుని మంచానికి కట్టేస్తే ఆ ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నెలన్నరపాటు కాలు కింద పెట్టకూడదని డాక్టరు చెప్పేసి చేతులు దులుపుకున్నాడు. తల్లికీ తండ్రికీ ఉద్యోగాలు. అందుకని కాపలా పంచారు. మధ్యాహ్నాలు మేనత్తకి, సాయంత్రాలు మేనమామకి.

మేనమామ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మేనత్త ఈత కోచ్. పొద్దునా సాయంత్రం కొలను గట్టు మీద విజిల్ ఊదుతూ పిల్లల్ని అదిలించడం ఆమె పని. అతని అక్కకీ ఆమె అన్నకీ జరిగిన పెళ్ళి ఫొటోల్లో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉంటారు, ఇద్దరూ మొహాలు మాడ్చుకుని. ఎందుకు పోట్లాడుకున్నారో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు.

మొదటిరోజే మేనత్త తన చిన్నప్పటి పుస్తకం ఒకటి తెచ్చి ఒక అధ్యాయం చదివి వెళ్ళింది. సాయంత్రం మేనమామ రాగానే పిడుగు దాన్ని అతని ఒళ్ళో పడేసింది. అట్ట మీద మంచుకొండ, కొండ మీద కంచరగాడిద. తరతరాలుగా పిల్లలు చదువుతున్న పుస్తకమే. అతను మాత్రం ఇంతవరకూ తెరిచి చూడలేదు.

రెండో అధ్యాయంతో మొదలుపెట్టాడు.

"ఈ గాడిదెవరు?"

"గాడిద కాదు మామయ్యా, కంచరగాడిద. మాట్లాడుతుంది."

"ఎందుకు మాట్లాడుతుంది?"

"దానికి కోపమెక్కువ."

అంతకుమించి వివరం రాబట్టడం అతని వల్ల కాలేదు. అయినా నాలుగు పేజీలు తిరిగేసరికి పుస్తకం అతన్ని పట్టుకుంది. మంచులో తప్పిపోయిన ఒక అమ్మాయి, సణుక్కుంటూ ఆమెని మోస్తున్న ఆ మొండి జంతువు. వాళ్ళు దాటాల్సిన కొండ. అధ్యాయం అయిపోగానే అక్కని అడిగి మేనత్త నంబరు తీసుకున్నాడు.

"నేనండీ, పిడుగు మామయ్యని."

"దానికేమైంది?" అటునుంచి గొంతు, వెనకాల నీళ్ళ చప్పుడు.

"దానికేం కాలేదు. మొదటి అధ్యాయంలో ఏం జరిగిందో కాస్త చెప్తారా?"



"పుస్తకం మీ చేతిలోనే ఉందిగా. వెనక్కి తిప్పి చదువుకోండి."

"పిడుగు ఒప్పుకోవడం లేదు. పుస్తకం ముందుకే వెళ్ళాలట."

ఆమె నవ్వింది. తర్వాత చెప్పింది. పాత పిండిమర తలుపు తీసి ఆ అమ్మాయి మంచుదేశంలో ఎలా పడిందో, కంచరగాడిద మొదటి మాటగా ఏమని విసుక్కుందో, దాని గొంతుతోనే చెప్పింది. కొలనులో పిల్లలు ఈత మానేసి వింటున్నారని ఇద్దరికీ తోచలేదు.

ఆ రోజునుంచీ అదే పద్ధతి. మధ్యాహ్నం ఆమె ఒక అధ్యాయం చదివి పిడుగుని నిద్రపుచ్చేది. అతను టీ తాగే వేళకి ఫోన్ చేసి దాని కథంతా వినేవాడు. సాయంత్రం తర్వాతి అధ్యాయం అతను చదివేవాడు.

"ముప్ఫై ఏళ్ళొచ్చాయి, ఇది చదవలేదా? చిన్నప్పుడేం చేశారు?"

"టార్చిలైట్లు విప్పదీశాను."

"మళ్ళీ బిగించేవారా?"

"గొడవంతా అక్కడే వచ్చేదండీ."

"కొండ మీద ఏమవుతుందో చెప్పనా?"

"చెప్పారంటే మీ పూల్‌కొచ్చి దూకేస్తాను. నాకు ఈత రాదు."

అలా నవ్వుతూ తుళ్ళుతూ కథ కొండ దాకా వెళ్ళింది.

ఆ సాయంత్రం అధ్యాయం చివరికొచ్చాక అతని కళ్ళు రెండు వాక్యాలు ముందుకి పరుగెత్తాయి. మంచులో పడుకున్న కంచరగాడిద ఇక లేవదు. పిడుగు దుప్పటి గుప్పిట్లో నలిపేస్తూ అడిగింది.

"ఇప్పుడు లేస్తుంది కదా మామయ్యా?"

"లేచింది" అన్నాడతను. "గట్టిగా తుమ్మి లేచింది. ఒళ్ళు దులుపుకుని, పద పద, నీ వల్ల ఆలస్యమైపోయింది అని విసుక్కుంది."

పుస్తకం మూసేశాడు.

మర్నాడు అతను ఒక పాత భవనంలో లిఫ్టు పెట్టె పైన కూర్చుని తీగలు చూస్తున్నాడు. టీ వేళకి ముందే ఫోన్ మోగింది.

"కంచరగాడిద బతికే ఉందా?"

అతను చేతిలోని తీగ వదిలేశాడు.

"నేను చదువుతుంటే ఆ అమ్మాయి దాని జీను భుజానేసుకుని ఒక్కతే నడుస్తోంది. అత్తా, నువ్వు తప్పు చదువుతున్నావు అంది పిడుగు. నన్నేం చెప్పమంటారు?"

"చిన్నపిల్ల కదండీ..."

"చిన్నపిల్లల కోసమే రాశారు దాన్ని."

"కాలు విరిగి మంచాన పడి ఉంది. పైన ఇంకో బాధ ఎందుకని..."

ఆమె గొంతు తగ్గింది.

"నాకు దాని వయసున్నప్పుడే మా నాయనమ్మ పోయింది. ఊరెళ్ళిందన్నారు నాకు. వచ్చేస్తుంది అన్నారు. ఎన్నాళ్ళు గుమ్మంలో కూర్చున్నానో నాకే తెలియదు. ఇంట్లో ఒక్కరూ నిజం చెప్పలేదు. ఈ పుస్తకం చెప్పింది. పోయినవాళ్ళు తిరిగి రారనీ, అయినా మనం నడవగలమనీ. మీరు సరిగ్గా ఆ పేజీ ఎగరగొట్టారు."

ఫోన్ పెట్టేసింది.

"లిఫ్టు ఎప్పుడొస్తుందయ్యా?" అని కింద ఎవరో అరిచారు.

"ముందు నన్ను కిందికి రానివ్వండి సార్" అన్నాడు అతను, నీరసంగా.

ఆ సాయంత్రం వాన మొదలైంది. తడిసిన చొక్కాతోనే మంచం పక్కన కూర్చున్నాడు.

"పిడుగూ, నిన్న నేను అబద్ధం చదివాను."

"కంచరగాడిద లేవలేదు కదా?"

"నీకెలా తెలుసు?"

"నువ్వు పేజీ కేసి చూడలేదు. గోడ కేసి చూస్తూ చదివావు."

"మరి అత్తతో బతికే ఉందని ఎందుకన్నావే?"

పిడుగు తల వంచుకుంది. "అత్త కూడా అవునంటే నిజంగానే బతికున్నట్టు కదా అని చూశాను."

అతను పుస్తకం తీశాడు. ఈసారి ఒక్క మాట వదలకుండా చదివాడు. నడుమ ఒకచోట ఆగిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. పిడుగు అతని చెయ్యి నిమిరి, పుస్తకం తనవైపు తిప్పుకుని, కంచరగాడిద ఆఖరి మాటలు కూడబలుక్కుంటూ తనే చదివింది: "మంచులో పడుకుంటే నడుం పట్టేస్తుందని చెప్పానా, లేదా?"

ఇద్దరూ ఏడుస్తూ ఏడుస్తూ పక్కున నవ్వారు.

అప్పుడు చూశాడతను, గుమ్మంలో మేనత్త. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి వాన నీళ్ళో కొలను నీళ్ళో తెలియడం లేదు. ఆ కళ్ళు తడిగా ఎందుకున్నాయో మాత్రం అతనికి తెలిసింది.

పిడుగుకి నీళ్ళు తెచ్చే వంకతో వంటింట్లోకి నడిచాడు. ఆమె వెనకే వచ్చింది.

"ఎప్పుడొచ్చారు?"

"నడుం పట్టినప్పుడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "వానకి క్లాసు ఆపేశారు. ఫోన్లో గట్టిగా మాట్లాడాను కదా, సారీ చెబుదామని వచ్చాను."

"తప్పు నాది. మీరెందుకు చెప్పడం?" గ్లాసు కడిగి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు. "ఇంక రెండే అధ్యాయాలున్నాయి. మీదొకటి, నాదొకటి. అయిపోయాక ఏం వంక పెట్టి మీకు ఫోన్ చెయ్యాలా అని వారం రోజులుగా ఆలోచిస్తున్నాను."

"ఆ కుళాయికా చెప్తున్నారు?"

కుళాయి కట్టేశాడు. ఆమె వైపు తిరిగాడు.

"నేను చదివిన అధ్యాయాలకన్నా మీరు చెప్పినవే నాకు బాగున్నాయి. మొదట కథ కోసమే ఫోన్ చేశాను. ఇప్పుడు కథ లేకపోయినా చెయ్యాలనుంది. మీరంటే నాకు ఇష్టం."

కిటికీ మీద వాన చిటపటలాడుతోంది.

"నాకూ అలవాటైపోయింది" అంది ఆమె. "ఈమధ్య నా వంతు అధ్యాయాన్ని ముందురోజే ఇంట్లో చదువుకుంటున్నాను. ఫోన్లో మీకు బాగా చెప్పాలని."

"పుస్తకం ఇక్కడే ఉంటుందిగా?"

"ఇంకోటి కొన్నాను" అని నేల చూపులు చూసింది.

అతను నవ్వాపుకోలేకపోయాడు. ఆమె అతని చేతిలోంచి గ్లాసు లాక్కుంది. "పిడుగుకి దాహం వేసి గంటైంది. జరుగు." ఆ 'జరుగు' దగ్గర ఇద్దరూ ఒక్క క్షణం ఆగిపోయారు. 'జరగండి' అని ఆమె మళ్ళీ సరిదిద్దలేదు.

చివరి రెండు అధ్యాయాలూ ముగ్గురూ కలిసే చదివారు. కట్టు విప్పిన రోజు పిడుగు కుంటుకుంటూ నాలుగడుగులు వేశాక, మేనమామ అక్కాబావల ముందు గొంతు సవరించుకుని విషయం చెప్పాడు. బావ చెల్లెలి మొహం చూశాడు. అక్కడ జవాబు దొరికినట్టుంది, లేచి బావమరిదిని కావలించుకున్నాడు.

"దీని ఎముక అతుక్కుంటే చాలనుకున్నాం" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. "మీరిద్దరూ అతుక్కుంటారని డాక్టరు చెప్పలేదు."

పిడుగు మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని సీరియస్‌గా ఆలోచిస్తోంది.

"మీకు పెళ్ళయితే నేను మిమ్మల్ని ఏమని పిలవాలి?"

"మామయ్య పెళ్ళాన్ని అత్త అంటారు" అంది తల్లి. "అత్త మొగుణ్ణి మామయ్య అంటారు."

"అంటే ఏం మారదా?"

"ఏం మారదు."

పిడుగు ఇద్దరినీ పైనుంచి కింది దాకా చూసింది.

"అయితే నేను పుట్టినప్పట్నుంచీ పిలుస్తూనే ఉన్నాను. మీకే ఇప్పటిదాకా అర్థం కాలేదు."