మూడో రోజు వచ్చిన మనిషి

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, కిటికీ బయట గూడ్సు బండి వస్తోంది. ఈ రెంటిలో మొగుడు దేన్ని చూస్తాడో పంతులమ్మకి పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది. పరుగున వచ్చి తనే పొయ్యి ఆర్పింది.

"పాలు చూస్తుండమన్నాను కదండీ."

"నలభై రెండు... నలభై మూడు..." అన్నాడాయన పెట్టెలు లెక్కపెడుతూ.

వీధిలో అందరూ ఆయన్ని కేబినాయన అంటారు. పట్టాల పక్కన మేడలా ఉండే సిగ్నల్ కేబిన్‌లో ఇనుప లీవర్లు లాగుతూ ముప్పై ఏళ్లు గడిపాడు. చేతి చెమటకి తుప్పు పడుతుందని లీవర్‌ని గుడ్డతో పట్టుకోవడం అక్కడి అలవాటు. ఆ కేబిన్‌ని కూలగొట్టి ఎనిమిదేళ్లయినా, ఇంట్లో ఫ్రిజ్ తలుపు కూడా తువ్వాలు చుట్టే తీస్తాడు. ఎవరైనా నవ్వితే తనూ నవ్వుతాడు గానీ తువ్వాలు మాత్రం వదలడు.

పంతులమ్మకి నవ్వే ఓపిక ఎప్పుడో అయిపోయింది. ఇల్లు పట్టాలకి ఆనుకునే ఉంది. బండి వెళ్లినప్పుడల్లా గోడలూ మంచమూ ఆవిడ గుండే కలిసి అదురుతాయి. కంటి నిండా నిద్రపోయి ఎన్నేళ్లయిందో ఆవిడకే తెలియదు. ఊరికి అవతల, కూతురి ఇంటి పక్కనే రెండు గదుల వాటా దొరికింది. ఆయన మాత్రం నెల రోజులుగా "చూద్దాంలే" అంటున్నాడు.

తొమ్మిదింటికి సామాను కోసం వ్యాను తీసుకుని కూతురు వచ్చింది.

"నాన్నా, ఇవాళైనా లేస్తావా?"

"మీరు వెళ్లండమ్మా. నేనిక్కడే ఉంటాను."

పంతులమ్మ గిన్నెల మూట కింద పెట్టేసింది.

"సరే, నేను వెళ్తాను. మళ్లీ రాను. ఈయనకి బండ్లు చాలు," అంది కూతురితో. "నువ్వు పుట్టినప్పుడూ ఇంతే. ఆసుపత్రికి మైలు దూరంలో ఉండి, మూడో రోజుకి తీరిగ్గా వచ్చారు. పెళ్లాం బతికిందా చచ్చిందా అక్కర్లేదు. మన కోసం ఒక్క బండి, ఒక్కటంటే ఒక్కటి వదిలిన మనిషి కాదు."

ఈ దెప్పుడు ఆయన ముప్పై రెండేళ్లుగా వింటున్నాడు. విని ఊరుకోవడం అలవాటే. కానీ "మళ్లీ రాను" అన్నది కొత్తమాట. కిటికీ నుంచి ఇటు తిరిగాడు.

"ఒక్కటి వదిలాను," అన్నాడు. "ఆ రోజే."

తల్లీ కూతుళ్లు మొహాలు చూసుకున్నారు.

"చివరి పెట్టె వెనక ఎర్ర పలక కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు. అది చూశాకే దారి ఖాళీ అని వెనక కేబిన్‌కి చెప్పాలి. ఆ రోజు సగం పెట్టెలు దాటాయో లేదో, ఫోన్ మోగింది. ఆడపిల్ల పుట్టిందన్నారు. ఇంక నాకు బండీ లేదు, పలకా లేదు. ఖాళీ అని చెప్పేశాను."

"తర్వాత?" అంది కూతురు.

"కొక్కెం తెగి పదకొండు పెట్టెలు వెనకే ఉండిపోయాయి. నా మాట నమ్మి అదే దారిలోకి ప్యాసింజర్ బండిని పంపారు. డ్రైవరు దూరం నుంచే చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. మూడు రోజులు విచారణ. ఆఫీసు గడప దాటనివ్వలేదు. ఆ తర్వాత ప్రమోషనూ ఆపేశారు. అప్పట్నుంచీ, చివరి పెట్టె చూడందే నాకు తల తిప్పబుద్ధి కాదు."

పంతులమ్మ మొహం పాలిపోయింది. ప్రమోషన్ రాని చేతగానివాడని కూడా తను ఎన్నిసార్లు అందో.

"నాకెందుకు చెప్పలేదు?"

"అప్పుడు మా అమ్మ మనింట్లోనే ఉండేది. తెలిస్తే, పిల్ల పుడుతూనే తండ్రి ఉద్యోగానికి ఎసరు పెట్టిందనేది. అలాంటి మాట ఒకసారి అంటుకుంటే పిల్లని జన్మలో వదలదు. నన్నంటే ఏముంది, పడ్డాను."

"అత్తయ్య పోయి ఇరవై ఏళ్లయింది కదండీ."

"అప్పటికి నువ్వు తిట్టడం నాకు అలవాటైపోయింది."

కూతురు నవ్వబోయి నవ్వలేక గోడ వైపు తిరిగింది. తన పుట్టుక మీద ఒక్క మాట పడకుండా తండ్రి ఇన్నేళ్లు ఎన్ని మాటలు పడ్డాడో తలుచుకుంటే ఆమెకి దుఃఖం ఆగలేదు.

"నీకు నిద్ర కావాలని నాకు తెలీక కాదు," అన్నాడాయన భార్యతో. "పద, వస్తాను. అక్కడ కొన్నాళ్లు నాకు నిద్ర పట్టదు, అంతేగా."

పంతులమ్మ ఆయన పక్కన కూలబడింది. ఎందుకు రాలేదు, ఎక్కడ తిరిగారు, నేను గుర్తులేనా అని ఇన్నేళ్లూ అడిగింది. అడిగినవన్నీ తన గురించే.

"ఆ మూడు రోజులూ ఏమైనా తిన్నారా?"

ఆయన లేదన్నట్టు తల ఊపాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని భోరుమని ఏడ్చింది.