గుమ్మడిపూల పేరయ్య

"పెళ్ళిళ్ళ పేరయ్యగారూ! మగపువ్వుకి మగపువ్వునే ఇచ్చి చేస్తున్నారు."

అతను ఉలిక్కిపడి తలెత్తాడు. చేతిలో పూలకి పుప్పొడి అద్దే పెయింట్ బ్రష్, ముక్కు మీదా పుప్పొడే. గట్టవతల తేనెటీగల పెట్టెల మధ్య, వాటిని పెంచే అమ్మాయి నవ్వుతూ నిలబడి ఉంది.

"ఆడపువ్వు కింద బుల్లి కాయ ఉంటుంది. చూసి చెయ్యండి, పాపం!"

అతనికి ఒళ్ళు మండింది. ఎండెక్కితే గుమ్మడిపూలు ముడుచుకుంటాయి, ఇంకా సగం చేను మిగిలే ఉంది. పూత విరగబూసినా పిందె నిలవడం లేదు. నాన్నను బతిమాలి వేసిన మొదటి పంట. ఈ వారం కాయ నిలవకపోతే దున్నేస్తానన్నాడు నాన్న.

"మీ ఈగలేం చేస్తున్నాయి? తిని పడుకున్నాయా?"

ఆమె నవ్వు ఆగింది. "మీ చేలోకి వచ్చినవి తిరిగి రావడం లేదు. పూలు విచ్చే వేళకే మందు కొడతారు. గట్టు మీద నాలుగు పిచ్చిపూలుంటే అక్కడైనా ఆగేవి. దానికీ గుండు కొట్టించారు."

"గట్టు నీట్‌గా ఉండాలి కదండీ!"

"నీట్‌గానే ఉంది. పురుగు లేదు, పిట్ట లేదు, కాయా లేదు. రేపు వ్యాన్ వస్తోంది. పెట్టెలు తీసుకుని వెళ్ళిపోతున్నా."

ఆ రోజంతా అతనికి కాలు ఒకచోట నిలవలేదు. మోటారు దగ్గరికి వెళ్ళి ఎందుకొచ్చాడో మర్చిపోయాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

"ఏంటయ్యా ఆ తిరుగుడు?" అంది వదిన.

"తేనెటీగలు వెళ్ళిపోతున్నాయి వదినా."

"తేనెటీగలేనా?"

ఇన్ని సాళ్ళుండగా రోజూ గట్టు పక్క సాలుతోనే ఎందుకు మొదలుపెడుతున్నాడో అతనికప్పుడే తెలిసింది.

మర్నాడు వ్యాన్ వచ్చేసరికి అతను గట్టు మీద ఉన్నాడు. కాలవ పక్కన పూసే పిచ్చిమొక్కల్ని వేళ్ళతో సహా తవ్వి తెచ్చి వరసగా నాటుతున్నాడు. మందు డబ్బా వీపున వేసుకుని వచ్చిన నాన్న నోరు తెరిచాడు.

"కలుపు పీకమంటే నాటుతున్నావేంట్రా?"

"పూత మీద ఇక మందొద్దు నాన్నా. ఈగ బతికితేనే మనకి కాయ. పురుగు పడితే చేత్తో ఏరుకుంటా, ఆ పూచీ నాది."

నాన్న అతన్ని చూశాడు, వ్యాన్ పక్కన ఆగిపోయిన అమ్మాయిని చూశాడు. "మీ వదిన చెప్తే నమ్మలేదు" అంటూ డబ్బా కింద పెట్టాడు.

అతను మట్టి చేతులతోనే ఆమె దగ్గరికి పరిగెత్తాడు. "పెట్టెలు దించండి."

"ఈగల కోసమా?"

"చేనుకి ఈగలు కావాలి. నాకు మీరు కావాలి. నిన్నట్నుంచి నాకు కూర్చోబుద్ధి కావట్లేదు, నిలబడబుద్ధి కావట్లేదు."

ఆమె గట్టు మీద కొత్తగా నాటిన మొక్కల వైపు చూసింది. తర్వాత డ్రైవరు వైపు తిరిగింది. "అన్నా, దించేయండి."

అతని జేబులోంచి బ్రష్ లాగేసుకుంది. "సంబంధాలు కుదర్చడం మీకు చేతకాదు. ఇక మావాళ్ళు చూసుకుంటారు."

"ఏ వాళ్ళమ్మా? ఈగలా, ఇంట్లోవాళ్ళా?" గట్టు మీంచి అడిగాడు నాన్న.

"ఇద్దరూను మామయ్యగారూ" అంది, తల వంచుకుని.