జాజు గీత పక్కన

"ఓ సారూ, కాలు తియ్యి. కింద జాకెట్ బట్ట ఉంది."

వినోద కుట్టుమిషను ఆపకుండానే అంది. మున్సిపాలిటీ నుంచి కొలతలకు వచ్చిన వీరేశ్ ఉలిక్కిపడి చూసుకున్నాడు. అరుగు మీద పెట్టిన బూటు కింద నెమలికంఠం రంగు పట్టు.

"సారీ మేడం. మార్కింగ్ చేస్తున్న."

"ఏం మార్కింగ్?"

"మోరి వెడల్పు చేస్తున్నరు. మీ అరుగు రెండు ఫీట్లు పోతది."

మిషను ఆగింది.

అది నాలుగడుగుల అరుగు. మురుగుకాలువకు రెండు పోతే మిషనుకే చోటు చాలదు. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు ఎక్కడ కూర్చోవాలి? అంగడి నుంచి సంచులతో వచ్చేవాళ్లు మోకాళ్లకు ఎక్కడ విశ్రాంతినివ్వాలి? నారాయణఖేడ్‌లో ఆ గల్లీ సంగతులన్నీ తేలేది ఆ అరుగు మీదే.

"కూసో. మాట్లాడుకుందాం," అంది వినోద.

"టైం లేదు మేడం."

"మా గల్లీల నిలవడి చెప్పిన మాట లెక్కకు రాదు."

వీరేశ్ నవ్వి, జాజు ఎర్రమట్టిలో ముంచిన దారాన్ని లాగి వదిలాడు. టప్పున ఎర్రగీత పడింది.

మర్నాడు తెల్లవారి ఆ గీతను ముందు చూసింది వినోద నాయనమ్మ సంగమ్మ. ఆమెకు చూపు తక్కువ, ఉత్సాహం ఎక్కువ. పెళ్లి కుదిరిన ఇంట్లో అరుగుకు జాజు పట్టె వేసి, పక్కనే సున్నంతో తెల్లపట్టె వెయ్యడం అక్కడి ఆనవాయితీ. వినోదకు పెళ్లి కుదిర్చి, కొడుకు తనకు చెప్పకుండానే పని మొదలుపెట్టాడనుకుంది ముసలమ్మ. సున్నం గిన్నె తెచ్చుకుని, ఎర్రగీత పొడుగునా తెల్లపట్టె లాగి, పైన చుక్కలు కూడా పెట్టింది.

ఎనిమిదింటికల్లా గల్లీ అంతా అక్కడే ఉంది.

"ఏమే వినోదా, పెండ్లి కుదిరితే మాకు చెప్పవా?" ఎదురింటి రహమత్‌బీ నిలదీసింది. "పిలగాడు ఎవరే?"

సరిగ్గా అప్పుడే వీరేశ్ చేతిలో టేపు పట్టుకుని సందు మలుపు తిరిగాడు.

"నిన్న గీత గీసింది గీ పిలగాడే!" గుంపులోంచి ఎవరో అన్నారు.

అందరూ అతన్ని కిందినుంచి పైదాకా చూశారు.

"మంచిగనే ఉన్నడు," అని తేల్చేసింది రహమత్‌బీ. "ఏ ఊరు బేటా?"

"కంగ్టి. కానీ అమ్మా, అది మోరి కోసం..."

"పెండ్లి కాదు ఖాలా, అరుగు కూలగొట్టనీకి వచ్చిండు!" వినోద నవ్వు ఆపుకోలేకపోయింది.

"కూలగొడ్తడో కట్టుకుంటడో, ముందు కూసోమను," అంది సంగమ్మ. "చాయ్ తే పో."

వీరేశ్ కూర్చున్నాడు. చాయ్ అయ్యేలోపు ఆ అరుగు మీద ఒక పంచాయితీ తెగింది, ఒక జాకెట్ కొలత పూర్తయింది, దవాఖానకు రహమత్‌బీకి తోడెవరు పోవాలో నిర్ణయమైంది. గ్లాసు కింద పెట్టి అతను టేపు సాగదీశాడు.

"ముందటి భాగం తీసి కింద మోరి కట్టి, పైన షాబాద్ బండలు పరిస్తే అరుగు తగ్గదు. కానీ సాఫ్ చేసేటప్పుడు బండలు లేపనియ్యాలె. గల్లీ మొత్తం సంతకం పెట్టాలె."

"సంతకాలు నేను జమ చేస్త. మీ పెద్దసార్‌ను నువ్వు ఒప్పియ్యి."

"ఒప్పుకోకపోతే?"

"ఈడికే తీస్కరా. కూసోబెడ్తం."

పెద్దసారు వచ్చాడు. రెండో చాయ్‌కి ఒప్పుకున్నాడు.

ఆ నెలంతా వీరేశ్ చొక్కా గుండీలు ఒకటే ఊడిపోవడం. మూడోసారి వినోద దారం చివర పరీక్షగా చూసింది.

"ఇది ఊడలేదు. బ్లేడుతోని కోసినవ్."

"కోసిన," అన్నాడు బుద్ధిగా.

వినోద గుండీ గట్టిగా కుట్టింది. అతను వెళ్లాక మాత్రం ఒకే జాకెట్ చేతిని రెండుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది.

చివరి బండ పరిచిన రోజు సన్నగా తుంపర పడుతోంది. మర్నాటి నుంచి వీరేశ్‌కు కల్హేర్‌లో పని. వినోద మిషను తెచ్చి అరుగు మీద దాని పాత జాగాలో పెట్టుకుంది. వీరేశ్ చూరు కింద తడవని బండ చూసి, దారం జాజులో ముంచి లాగి వదిలాడు. టప్.

"మల్ల ఏంది గీ గీత? ఇది గూడ కూలగొడ్తవా?"

అతను సంచిలోంచి చిన్న డబ్బా తీశాడు. సున్నం.

"పక్కన తెల్లపట్టె నువ్వేస్తవా, వెయ్యవా? చెప్పు."

లోపల సంగమ్మ దగ్గు ఠక్కున ఆగింది. ఎదురు అరుగు మీద రహమత్‌బీ చేతిలో చాట ఆగింది.

వినోద తొందరపడలేదు. మిషను మీది బట్ట మడిచి పక్కన పెట్టింది.

"నిలవడి అడిగితే లెక్కకు రాదని ఎప్పుడో చెప్పిన."

వీరేశ్ గబుక్కున కూర్చున్నాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు లెక్కకొచ్చింది." డబ్బాలో వేలు ముంచి, ఎర్రగీత పక్కన జానెడు తెల్లగీత గీసి ఆపింది. "మిగిలింది మీ అమ్మ వచ్చి ఈడ కూసున్నంక."

"ఐతారం తీస్కరా బిడ్డా!" లోపలినుంచి సంగమ్మ కేకేసింది. "సున్నం నేను కలిపి పెడ్త!"