ఈరన్న క్షేమలేఖలు

ఉదయం తొమ్మిదికల్లా ఓబులేసు మూడు గుండెలనూ ఒక కాలేయాన్నీ వెచ్చబెట్టి పంపించేశాడు. దాతల అవయవాలు దాచే కడప హిమభద్రంలో అతనికది రోజూ ఉండే పనే. అవయవంలోని నీరు మంచుగా మారకుండా గాజులా బిగుసుకుపోయేంత చలి అక్కడ. ఎన్నేళ్లు గడిచినా ఒక్క కణం చెడదు. మూడో గుండె, లారీ గుద్ది పోయిన ఈరన్నది. ఇరవై ఒక్క ఏళ్లు అక్కడే ఉంది. దాన్ని తిరుపతిలో ఒక టీచరమ్మకు అమరుస్తున్నారు.

ఆ సంగతి దాత ఇంటికి వెళ్లి చెప్పిరావడం ఓబులేసు పెట్టుకున్న నియమం. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే, దాతల ఇళ్లకు నెలనెలా క్షేమలేఖ పంపే పద్ధతి తెచ్చిందీ అతనే.

మధ్యాహ్నానికి మైదుకూరు చేరాడు. ఈరన్న భార్య సుంకులమ్మ తలుపు తీసింది. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండా గాజులు. మళ్లీ పెళ్లి చేసుకుందేమో అనుకున్నాడు.

"హిమభద్రం నుంచి వచ్చినానమ్మా."

"జాబులు రాసేది నువ్వేనా? కూచో నాయనా. ఈ నెల రెండు దినాలు ఆలస్యం జేస్తివే, నా పానం కొట్టుకులాడిపాయ."

చెక్కపెట్టె తెరిచి చూపింది. నిండా క్షేమలేఖలు. 'ఈరన్న గుండె క్షేమం.' పక్కనే ఉతికి మడతపెట్టిన పంచె.

"ఆయన గుండె ఈ పొద్దు ఒకామెకు పెడతాండారమ్మా."

సుంకులమ్మ ఆ పంచెను చేతిలోకి తీసుకుంది. "మరి మా ఆయన?"

"ఆయనకు దినాలు చేసినారు కదమ్మా?"

"యాడ జేసినాం? పోయినంత వరకు మట్టి జేసినాం. మనిషంతా పోలేదు కదా. పదోనాడు నీ మొదటి జాబు వచ్చె. గుండె క్షేమంగా ఉన్నోనికి దినాలేంది, ఆపండన్నారు పెద్దమనుషులు."

ఓబులేసు పెట్టెలోని జాబుల వంక చూశాడు. అలాంటి జాబులే ఈ నెల నాలుగు వేల ఇళ్లకు వెళ్లాయి.

"పోయినాడని నాతో ఎవురూ అనలా. నువ్వు సదువుకున్నోనివి, చెప్పు. ఉండాడా, పోయినాడా?"

"పోయినాడమ్మా. ఆ పొద్దే పోయినాడు."

ఆమె పెట్టిన శోకానికి ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు.

"ఎవురు పోయినారక్కా?"

"మా ఆయన. ఇప్పుడే."

ఓబులేసు మణికట్టు మీది పలక వెలిగింది. తిరుపతి నుంచి వార్త. ఈరన్న గుండె కొట్టుకుంటోంది.

ఆమెకు కనబడకుండా దాన్ని అరచేత్తో మూసేశాడు.