నూకయ్య మేస్త్రి బొటనవేలు

"ఎర్రమట్టి నానేసి గోడలికినానే...
ఆరకముందే ఎవలొచ్చి సెయ్యేసినారే..."

ఆ తరవాతి ముక్క రత్నానికి గుర్తు లేదు. చిన్నప్పుడు పలాస అవతల పల్లెలో అమ్మా, పెద్దమ్మా గోడలు అలుకుతూ పాడేవారు. చెయ్యేసిందెవరో మూడో ముక్కలో ఉండేది. యాభై ఏళ్ళుగా అది నోటికి రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం, మొగుడి రైలు పని తెచ్చిన పరాయి ఊళ్ళో, ఝపటాపూర్‌లో, ఇంటి ముందు రేకుల షెడ్డులో, కొడుకు కొన్న పాత తెల్ల అంబాసిడర్‌ని సబ్బునీళ్ళతో తుడుస్తుంటే ఆ రెండు ముక్కలే తిరిగి తిరిగి వచ్చి నాలిక మీద కూర్చున్నాయి.

తొంభై నాలుగో సంవత్సరం, వైశాఖమాసపు ఎండ. కారుకి రెండు పక్కలా మంట నాలికల్లాంటి ఎర్ర స్టిక్కర్లు, వెనక అద్దం మీద ఒక పేరు. అవి అంటించేసి, మర్నాడు స్టేషను దగ్గర కిరాయికి పెట్టాలని వెంకటరావు తొందర. మంటలు కొడుకు ముచ్చట. పేరు మాత్రం రత్నానిది. ఆమె పేరే.

అంటించడానికి వచ్చినవాడు ఆమోసు. ఆ ఊళ్ళోనే ఇందా పేటలో రేడియం స్టిక్కర్ల కొట్టు అతనిది. ఒకప్పుడు రైలుపెట్టెల మీద అక్షరాలు రాసే పనిలో రత్నం మొగుడు నూకయ్య మేస్త్రి కింద రెండేళ్ళు చేసి, దండం పెట్టి మానుకున్నవాడు. నూకయ్య పోయి ఐదేళ్ళయినా ఆమోసు కడుపుమంట చల్లారలేదు.

"మీ మేస్త్రికైతే నాలుగు రోజుల పని వదినా ఇది," అన్నాడు స్టిక్కరు చుట్ట విప్పుతూ. "గీత గీసి, సుక్క పెట్టి, కుంచె తడిపి, అటు తిరిగి ఇటు తిరిగి. నాను నాలుగు నిమసాల్లో ఏసీసి టీ తాగీసి ఎల్లిపోతాను. బతికుంటే ఈ కాగితం ముక్కని సూసి గుండాగి సచ్చిపోయీవోడు."

"మా నాన్న దేన్ని మెచ్చుకున్నాడు గనక బాబాయ్?" వెంకటరావు నవ్వాడు. "నా పెళ్ళి భోజనంలో అన్నం మెతుకు నలిపి సూసి, ఇస్తరి తోసీసినోడు."

రత్నం నవ్వలేదు. అలా అనకండర్రా అని కూడా అనలేదు.

నూకయ్య చెయ్యి మంచిదే. అబద్ధమాడకూడదు. అతను రాసిన అక్షరాలు దారం పట్టినట్టుండేవి. కాని పక్కవాడి పని అతని కంటికి ఎప్పుడూ ఆనలేదు. తిట్టేవాడు కాదు, అరిచేవాడు కాదు. వచ్చి నిలబడి కాసేపు చూసి, తడి రంగు నట్టనడుమ కుడి బొటనవేలు అదిమి, కొద్దిగా తిప్పి తీసేవాడు. "మళ్ళీ," అనేవాడు. అంతే. వెళ్ళిపోయేవాడు. ఏనాడో రేకు కోసుకుని ఆ వేలికి అడ్డంగా గాటు పడింది. ఆ ముద్ర చూస్తే ఉల్లిపాయని కత్తితో సగానికి చీల్చినట్టుండేది.

ఇంట్లోనూ అదే వేలు. ఆమె సున్నం వేసిన గోడ మీద. పెట్టిన ముగ్గు మీద. రుబ్బిన పిండిలో. పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, ఆమెకి అక్షరం రాదని "ఏలిముద్రా" అని పిలిచేవాడు. పెళ్ళయిన కొత్తలో, పుట్టింటి రేకు పెట్టె మీద నా పేరు రాయవా అని ఒక్కసారి అడిగింది. అతను తెల్లరంగులో బొటనవేలు ముంచి పెట్టె మూత మీద అదిమాడు.

"ఇదే నీ పేరు. ఇంతకి మించి నువ్వు సదవలేవు."

ఆ పెట్టె ఇప్పటికీ ఆమె మంచం కింద ఉంది.

అతను పోయాక పింఛను కాగితాల దగ్గర గుమాస్తా సిరాడబ్బా ముందుకి తోస్తే, ఆ సిరాలో వేలు పెట్టడానికి రత్నానికి ఒళ్ళు జలదరించింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో జానకమ్మ టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్ళకి తెలుగు చెబుతుందని విని, యాభై ఎనిమిదో ఏట పలక పట్టుకుని వెళ్ళింది. తన పేరు తను రాయడానికి పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడు కారు అద్దానికి అంటించబోయేది అచ్చంగా ఆమె చేతిరాతే. ఆమె కాగితం మీద రాసిచ్చినదాన్ని ఆమోసు పసుపు రేడియం మీద పెట్టి బ్లేడుతో కోసి తెచ్చాడు.

"వొంకరగుందే అమ్మా," అన్నాడు వెంకటరావు. "సున్నా సూడు, కోడిగుడ్డులాగుంది. బాబాయ్ సేత మంచిగా రాయించమంటే ఇన్నావు కాదు."

"గుడ్డులాగే ఉండనీ," అంది రత్నం.

ఆమోసు ఎడం వైపు తలుపుతో మొదలుపెట్టాడు. సబ్బునీళ్ళు చల్లి, స్టిక్కరు వెనక కాగితం ఊడదీసి, జిగురు వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకుని అంటించాడు. గుడ్డ చుట్టిన స్కేలు ముక్కతో నడుమ నుంచి అంచులకి నీళ్ళు తోశాడు. సర్... సర్... ఎర్రమంట నున్నగా పరుచుకుంది.

ఒక్కచోట తప్ప. మంట కొసన బుడగ ఒకటి, బొటనవేలంత. స్కేలుతో తోస్తే పక్కకి జరిగింది. అటు నుంచి తోస్తే ఇటు వచ్చింది. ఆమోసు గుండుసూదితో గుచ్చాడు. అది ఉస్సుమంది. చిన్నగా, విసుగొచ్చిన మనిషి ఊపిరి వదిలినట్టు. టర్పెంటాయిలు వాసన వచ్చింది.

బుడగ అణిగింది గాని దాని చోట ముద్ర తేలింది. సన్నని గీతలు, గుండ్రంగా, ఎర్ర రేడియం కింద నుంచి పైకి ఉబ్బి.

"జిగురు ముట్టుకున్నావేట్రా?" అన్నాడు ఆమోసు.

"నాను కారుకి ఆ పక్కనున్నాను బాబాయ్."

"మరెవడు ముట్టుకున్నాడు? నీ బాబేటి?"

ఇద్దరూ నవ్వారు. రత్నం వంగి చూసింది. గీతలకి అడ్డంగా గాటు ఉంది. సగానికి చీల్చిన ఉల్లిపాయ.

ఆమె నోరు విప్పలేదు. చెబితే కొడుకు నవ్వుతాడు. నవ్వకపోతే పని ఆపేస్తాడు. పని ఆగిపోతే అద్దం మీద పేరు పడదు. ఐదేళ్ళ కిందట కాటికి పోయినవాడికి జడిసి తన పేరు మళ్ళీ పెట్టె అడుగున దాచుకోవడమా. అంత అలుసయిపోయానా, అనుకుంది.

ఆమోసు ఆ ముక్క పీకి పారేసి ఇంకోటి వేశాడు. అదే చోట అదే ముద్ర. మూడోది వేశాడు. అప్పుడు అతని నవ్వు ఆగింది.

ఈలోగా పడమట నల్లగా కమ్ముకుంది. కాలబైశాఖి, అక్కడి వేసవి గాలివాన. సాయంత్రం నాలుగింటికే వీధంతా మసి పూసినట్టయింది. గాలి లేదు. కాకి లేదు. షెడ్డులో వేసిన బల్బు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

"కరెంటొచ్చాక సూద్దాం," అన్నాడు ఆమోసు, చేతిలో స్కేలు దించి.

సర్... సర్...

ఆ చప్పుడు ఆగలేదు. కారుకి అవతల నుంచి వస్తోంది. నిదానంగా, తొందరేమీ లేనట్టు.

"యెంకటా... నువ్వేనేట్రా?" ఆమోసు గుసగుసలాడాడు.

"నాను నీ ఎనకాలే ఉన్నాను బాబాయ్."

సర్... సర్... ఆగింది. అడుగుల చప్పుడు లేదు. టర్పెంటాయిలు వాసన మాత్రం కారు ముందు నుంచి తిరిగి దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి. ఆమోసు కెవ్వున వెనక్కి తూలాడు. చేతిలో బ్లేడు కిందపడింది. కుడి బొటనవేలికి అడ్డంగా తెగి నెత్తురు కారుతోంది.

"నాను కోసుకోలేదు వదినా," అన్నాడు, వేలు పట్టుకుని చిన్నపిల్లాడిలా. "నా సెయ్యి పట్టుకుని... ఎవలో..."

వెంకటరావు తువ్వాలు చుట్టి, అతన్ని వీధి చివర కాంపౌండరు దగ్గరికి నడిపించుకుపోయాడు. "లోపలికెల్లిపో అమ్మా, లాంతరట్టుకొస్తాను," అని గేటు దగ్గర నుంచి అరిచాడు.

రత్నం లోపలికి వెళ్ళలేదు. పేరున్న కాగితం కారు డిక్కీ మీద ఉంది. గాలి లేస్తే ఎగిరిపోతుంది, నలిగిపోతుంది. రేపటికి వద్దులే అంటారు. ఆమె చెంబులో సబ్బునీళ్ళు తెచ్చి అద్దం తడిపింది. అంచులు పట్టుకుని వెనక కాగితం ఊడదీసింది. ఆమోసు చేసినట్టే చేసింది. నడుమ నుంచి అంచులకి.

మెరుపు మెరిసింది.

అద్దానికి అవతల, కారు లోపల, సరిగ్గా ఆమె వేలికి ఎదురుగా... ఇంకో వేలు. అద్దానికి అదిమిన చోట తెల్లగా పాలిపోయి ఉంది. ఆమె వేలు జరిగితే అదీ జరిగింది. "ర" దగ్గరికి. "త్న" దగ్గరికి. గుడ్డులాంటి సున్నా దగ్గర ఆగి, ఒత్తి, కొద్దిగా తిరిగింది.

"మళ్ళీ..."

గుసగుస. చెవిలోనే. ముప్పై ఆరేళ్ళు విన్న గొంతు.

 ఆమె చెయ్యి తియ్యలేదు.

"నువ్వు రాసింది కాదిది," అంది మెల్లగా. "నాను రాసినాను. అద్దానికి ఈ పక్కనుంది నా పేరు. ఆ పక్కనెంత ఒత్తుకున్నా నీ ఏలు దీనికి అంటదు. ఒత్తుకో. నీకింకేటి పనుంది గనక. బతికినన్నాళ్ళు సేసినదీ అదే కదా."

లోపల ఏమీ కదల్లేదు.  ఆమె అక్షరాలని పట్టి ఉంచిన పై కాగితం కొస పట్టుకుని నెమ్మదిగా లాగింది. అక్షరాలు అద్దానికి ఉండిపోయాయి. నుదుటి మీద చల్లగా ఏదో పడింది. చినుకు అనుకుంది. ఆ తరవాతే ఎక్కడో దూరంగా, రేకుల మీద వాన మొదలైంది.

వెంకటరావు తడిసి ముద్దయి లాంతరుతో వచ్చాడు. అద్దం మీద వెలుతురు పట్టి చూశాడు. పసుపు అక్షరాలు, మూడూ, వంకరగా, బుడగ లేకుండా, మచ్చ లేకుండా.

"వొంకరైతేనేటి, బాగుందే," అన్నాడు. ఆ ఇంట్లో ఒకరు చేసిన పనిని బాగుందనడం అదే మొదలు. రత్నానికి కళ్ళు చెమర్చాయి.

వాడు లాంతరు ఆమె మొహం దగ్గరికి ఎత్తాడు.

"నుదుటి మీద ఏటమ్మా అది? సున్నం అంటుకుందేటి?"

ఆమె వేలితో తాకింది. జిగటగా తగిలింది. టర్పెంటాయిలు వాసన. వంగి కారు పక్కనున్న అద్దంలో చూసుకుంది. మొగుడు పోయినప్పటి నుంచి బొట్టు లేని చోట, తెల్లరంగు ముద్ర. గీతలు గుండ్రంగా. నడుమ గాటు.

కిరసనాయిలుతో తుడిచింది. సబ్బుతో రుద్దింది. చర్మం ఎర్రబడింది గాని ముద్ర చెరగలేదు. రంగుల పనివాడి పెళ్ళాం కాబట్టి ఆమెకి తెలుసు, ఆ తెల్లరంగు తెల్లారేసరికి ఆరుతుంది. అంచుల దగ్గర అప్పుడే గట్టిపడుతోంది.

పోయే ముందు రోజు ఆసుపత్రి మంచం మీద నూకయ్య ఆమెని దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఈ ఒక్కసారైనా పేరు పెట్టి పిలుస్తాడేమో అని ఆమె ఏడుస్తూనే వంగింది. అతను చెయ్యెత్తి, చెమటకి కరిగిన ఆమె బొట్టు మీద బొటనవేలు అదిమి, కొద్దిగా తిప్పి, తీసి, ఆ వేలికేసి చూసుకున్నాడు.

"ఇంకా తడే ఉంది," అన్నాడు. "ఆరినాక వొచ్చి సూస్తాను."